ఇద్దరికి ఒక కోటు

నవంబర్ 1, శనివారం

మంచం నిండా అక్క బట్టలు, మధ్యలో అక్క. సంతలో అమ్ముడుపోక మిగిలిన సరుకులా కూర్చుంది.

"ఇది?" అంది ఊదారంగు స్వెటర్ ఎత్తి.

"వద్దు."

"పోనీ ఇది?"

"వద్దు."

"నన్నైనా తీసుకెళ్తావా, నేనూ బరువేనా?"

"నువ్వు నడుస్తావుగా. నిన్ను మొయ్యక్కర్లేదు."

నవ్వింది. అక్కకి నవ్వు చాలా తేలిగ్గా వస్తుంది. తనని ఏమన్నా నవ్వేస్తుంది. అందుకని అంటూ ఉంటాను.

ఒక్కొక్కరికి ఒక్క సంచి, ఎనిమిది కిలోలు. విమానంలో తలమీది అరలో పట్టాలి, మెట్లొస్తే ఒంటిచేత్తో లేవాలి. అదీ నా షరతు. విమానాల కంపెనీలో, పోయిన పెట్టెల విభాగంలో రెండేళ్లు ఫోనెత్తినదాన్ని నేను. పెట్టె రాలేదని వెక్కివెక్కి ఏడ్చిన మగవాళ్లని విన్నాను. "లోపల మా అమ్మ ఫొటో ఉందమ్మా, ఒక్కటే ఫొటో" అని ఒక ముసలావిడ బతిమాలింది. "అంత ముఖ్యమైతే చేతిలో పెట్టుకోవాల్సింది, పెట్టెలో ఎందుకు పడేశారు?" అన్నాను. దాంతో ఉద్యోగం పోయింది. పోవడం కాదు, మానేశాను.

ఈ యూరప్ ప్రయాణం నా ఆలోచనే. ఎండ ఊరు, వాన ఊరు, చివర మళ్లీ ఎండ ఊరు. సంచి సర్దేవాళ్లకి ఊరంటే వాతావరణమే. నా లెక్క ప్రకారం మూడు ఊళ్లూ ఒక్క సంచిలో హాయిగా ఒదిగిపోయాయి. అప్పుడు అక్క నెమ్మదిగా మధ్యలో మంచు ఊరు దూర్చింది.

"అక్కడ ఒక పళ్ల ల్యాబ్ ఉందే. రమ్మన్నారు. పని చూపిస్తే..."

"చూపిస్తే?"

"ఊరికే. చూసొద్దామని."

అక్క కట్టుడుపళ్లు చేస్తుంది. మైనంతో దవడపన్ను చెక్కితే డాక్టర్లు కూడా భూతద్దం పెట్టి చూస్తారు. ఊరికే చూసి రావడానికి ఎవరూ అంత దూరం రమ్మనరు. ఆ మాట నేను అనలేదు. "మంచు ఊరంటే బరువు పెరుగుతుంది" అన్నాను, అంతే.

నవంబర్ 2, ఆదివారం

అక్కకి ఉల్లిపొర పద్ధతి నేర్పించాను. మందపాటిది ఒకటి కాదు, పల్చటివి నాలుగు. చలేస్తే ఒక పొర వేసుకో, ఎండొస్తే ఒక పొర తియ్యి. ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద, అంతకన్నా ఎవరికీ అక్కర్లేదు. బట్టలు మడవకు, చుట్టు. మేజోళ్లు బూట్లలో కుక్కు. అన్నిటికన్నా బరువైంది ఎప్పుడూ సంచిలో పెట్టకు, వేసుకునే విమానం ఎక్కు.

అన్నిటికన్నా బరువైంది కోటు. మా దగ్గర రెండున్నాయి. నాది పొట్టిది, లోపలి గుడ్డ చిరిగింది. అక్కది ముదురాకుపచ్చ ఉన్నికోటు, మోకాళ్ల కింది దాకా వస్తుంది. ఈ మధ్యే పాతబట్టల కొట్లో కొనుక్కుంది, మంచు ఊరి కోసమని నాకు చెప్పకుండా.

"రెండెందుకు? మంచు మధ్యలో ఆరు రోజులే. నీది ఒక్కటే పట్టుకెళ్దాం. మార్చి మార్చి వేసుకుందాం" అన్నాను.

"ఇద్దరం ఒకేసారి బయటికెళ్లాలంటే?"

"పొరలున్నాయిగా."

కాసేపు ఆలోచించి "సరేలే" అంది. అక్క ఎప్పుడూ సరేలే అంటుంది. అమ్మ పోయినప్పుడు "మీ చెల్లెలి బాధ్యత నీదే" అని పిన్ని అంటే కూడా సరేలే అంది. అప్పటికి తనకి పందొమ్మిది, నాకు పన్నెండు.

తన చేతి తొడుగులు తీసేశాను. "చేతులు జేబుల్లో పెట్టుకోవచ్చు, కోటుకి జేబులున్నాయి."

"కోటు నీ దగ్గరున్నప్పుడు?"

"అప్పుడు నువ్వు గదిలో ఉంటావు."

సంచిని చేతి త్రాసు కొక్కేనికి తగిలించి ఎత్తి తూచాను. "ఏడు కిలోల తొమ్మిది వందలు!" అని అరిచాను.

"శభాష్ తూకమ్మా" అంది అక్క. బరువు చూసి నేను పైకి చదవాలి, తను శభాష్ అనాలి. ఈ ఆట నా చిన్నప్పటిది, కూరగాయల త్రాసుతో మొదలైంది.

పిన్ని ఫోన్ చేసింది. "ఇద్దరూ ఒకే కోటులో దూరి వెళ్తారటగా! ఒసేయ్ పెద్దదానా, జాగ్రత్తే. అది నిన్ను తోసేసి తనొక్కతే వేసుకుంటుంది."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. పిన్నికి మొదటినుంచీ నేనంటే పడదు.

నవంబర్ 4, మంగళవారం

అక్క ఆఖర్న ఒక చిన్న తోలుసంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మైనం చెక్కే చాకులు, ఆరు. చదువుకునే రోజుల నాటివి. పిడులు తన వేళ్లకి తగ్గట్టు అరిగిపోయాయి.

"ఇవి మాత్రం తియ్యద్దే. వేరేవాళ్ల చాకులు పట్టుకుంటే నా చెయ్యి నాది కానట్టుంటుంది."

తూచాను. తేలికే. "పెట్టుకో" అన్నాను. అక్క ముఖం వెలిగిపోయింది. చూశావా, నేనేం రాక్షసిని కాదు.

నవంబర్ 5, బుధవారం. విమానాశ్రయం

చాకులు లాగేసుకున్నారు.

చేతిసంచిలో మొనదేలినవి పట్టుకెళ్లకూడదని నేను మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. తనిఖీ దగ్గర ఒక నీలిచొక్కా అమ్మాయి తోలుసంచి విప్పి ఒక్కో చాకూ దీపానికి పెట్టి చూసింది.

"ఏంటివి?"

"పళ్లు చేస్తానండీ. పన్ను చెక్కడానికి. ఇదిగో, మొన చూడండి, ఇది కొయ్యదు, గీస్తుందంతే."

"కొయ్యకపోతే చెక్కడం ఎలా?"

వెనకాల వరస పెరిగిపోతోంది. ఒకాయన గట్టిగా నిట్టూర్చాడు. పెద్ద పెట్టె ఉంటే అందులో వేసి పంపచ్చు అంది ఆ అమ్మాయి. మాకు పెద్ద పెట్టె లేదు. డబ్బాలో పడేసింది. ఆరూ ఒకదాని వెంట ఒకటి గలగలమన్నాయి.

అక్క నా వైపు చూసింది, అంతే. తన ఒంటిమీది కోటు లోపల చెమటలు పట్టి ముఖం జిడ్డోడుతోంది. బరువైంది వేసుకునే ఎక్కాలి కదా.

"అక్కడ వాళ్లే ఇస్తార్లే. లేకపోతే అదీ ఒక ల్యాబేనా?" అన్నాను.

నిజంగా మర్చిపోయాను.

నవంబర్ 7, శుక్రవారం. ఎండ ఊరు

గది కిటికీ తీస్తే సముద్రం. ఒక్క పొరతో తిరుగుతున్నాను. మెట్ల దారుల్లో జనం చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ రొప్పుతుంటే పక్కనుంచి టకటకా ఎక్కిపోతున్నాను. ఒకావిడ పెట్టె చక్రం ఊడి దొర్లిపోయింది. ఆవిడ భర్త దాని వెనక పరుగు, ఆవిడ భర్త వెనక పరుగు. రోజంతా గుర్తొచ్చినప్పుడల్లా నవ్వుకున్నాను.

అక్క బయటికి రాలేదు. స్నానాల గదిలో ఇచ్చిన సబ్బు మీద నా గోళ్లు గీసుకునే రేకుతో పన్ను చెక్కుతోంది. కిటికీ దగ్గర కూర్చుని, నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని, చెయ్యి కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా. మూడుసార్లు పిలిచాను, పలకలేదు.

ఇంట్లోనూ ఇలాగే ఉండేది, పొడుగాయన ఫోన్ చేసే రోజుల్లో. అక్క పనిచేసే ల్యాబులో పింగాణీ పళ్లు కాల్చే బట్టీ చూసేవాడు. ప్రతి ఆదివారం ఫోన్. ఆ ఫోన్ వస్తే మేడమీదికి పోయేది, పిలిస్తే పలికేది కాదు. ఉన్నట్టుండి ఆయన ఫోన్ చెయ్యడం మానేశాడు. మనుషులంతే.

నవంబర్ 8, శనివారం

రేపు బయల్దేరాలి, బట్టలు ఉతుక్కోవాలి. సబ్బు కావాలి. ఉన్నది ఒకటే సబ్బు, దానిమీద పన్ను. నాలుగు గుబ్బలు, మధ్యలో సన్నటి లోయలు. నిజం పన్నులాగే ఉంది. నిజం పన్నుకన్నా బాగుంది.

నా బనీను, ప్యాంటు, రెండు జతల మేజోళ్లు ఉతికాను. మేజోళ్లకి మట్టి బాగా పట్టింది, గట్టిగా రుద్దాల్సొచ్చింది.

అక్క వచ్చి అరిగిన సబ్బుముక్క చేతిలోకి తీసుకుంది.

"రెండు రోజులు పట్టిందే నాకు."

"సబ్బే కదక్కా! నాకేం తెలుసు దాచుకుంటావని? మ్యూజియంలో పెడతావా?"

నవ్వలేదు. ముక్కని తిరగేసి, రెండోవైపు ఇంకా నున్నగా ఉందని చూసుకుని, రేకు పట్టుకుని మళ్లీ కూర్చుంది.

కొత్త సబ్బు కింద అడిగితే ఇస్తారు. గుర్తు రాలేదు.

నవంబర్ 10, సోమవారం. వాన ఊరు

తడి.

నవంబర్ 11, మంగళవారం

ఏదీ ఆరదు. త్వరగా ఆరిపోతుందని నేను ఏరికోరి తెచ్చిన బట్టలన్నీ కుర్చీల మీద, దీపం మీద, కిటికీ గొళ్లానికి వేలాడుతున్నాయి. గదికి తడికుక్క వాసన. బూట్లలో పాత పేపర్లు కుక్కాం. రెండు మంచాల మధ్య అడుగు జాగా లేదు, ఒకరు నిలబడాలంటే ఇంకొకరు కూర్చోవాలి.

అక్క పడుకుని పైకప్పు చూస్తూ అంది. "నాకు అక్కడే ఉద్యోగం ఇచ్చి ఉండిపొమ్మంటే ఏం చేస్తావే?"

"హాయిగా ఉంటా. కిటికీలన్నీ తీసుకుని, గట్టిగా పాటలు పెట్టుకుని."

"వంట?"

"చేతుల్లేవా నాకు?"

"నేనొకటి అనుకుంటున్నానే..."

"నీ మేజోళ్లు నా దిండు మీద పడ్డాయి. ముందది చూడు."

చూసింది, తీసింది. ఏం అనుకుంటోందో చెప్పలేదు, నేను అడగలేదు. వినాల్సిన అవసరం ఏముంది? అనుకునేది తన గురించే. పొద్దున్నే లేచి ల్యాబుకి పోతుంది, కిటికీ పక్కన బల్ల, కొత్త మనుషులు, ఆదివారం ఫోన్లు. నేను మా ఇంటి గదిలో కూర్చుని ఎవరికి బరువు చదవాలి?

హాయిగా ఉంటా. కిటికీలన్నీ తీసుకుని.

నవంబర్ 13, గురువారం. మంచు ఊరు

రైలు దిగగానే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టాయి. స్టేషను నుంచి గదిదాకా కోటు నేను వేసుకున్నాను. అక్క పొరలు వేసుకుంది. దారంతా నా కన్నా ముందు నడిచింది, పళ్లు టకటక కొట్టుకుంటూ. "నా పళ్లే ఊడి పడేట్టున్నాయి. ఇక్కడే కట్టించుకుంటా" అంది.

గది అద్దెకిచ్చిన ఇంటావిడ లావుపాటి మనిషి. చేతులు ఎప్పుడూ పిండిలో ఉన్నట్టు తెల్లగా ఉంటాయి. మా ఇద్దర్నీ కిందికీ పైకీ చూసి, వచ్చీరాని భాషలో "రెండో కోటు ఎక్కడ?" అంది.

"ఒకటే తెచ్చుకున్నాం" అన్నాను.

"పాపం, దొంగలు ఎత్తుకుపోయారా?"

"కాదండీ. తేలిగ్గా ఉండాలని."

ఆవిడకి అర్థం కాలేదు. అక్క వైపు తిరిగి, ఈ పిల్ల మీకు ఏమవుతుంది అని అడిగింది.

నవంబర్ 15, శనివారం

ఇవాళ కోటు అక్క వంతు. ల్యాబు దారి చూసుకోవడానికి వెళ్లింది. నేను గదిలో. నాలుగు గోడలు, ఒక అద్దం, కింద ఇంటావిడ ఎవరితోనో ఫోన్లో పకపకలు. కోటు లేకుండా గదిలో ఉండడం అంటే ఇదన్నమాట. అక్క నిన్నంతా ఇలాగే ఉందిగా, ఏమీ అనలేదు. ఆమెకి అలవాటు.

సాయంత్రం బుగ్గలు ఎర్రగా వచ్చింది.

"ట్రాము దిగగానే ఎదురుగా ఉందే! పెద్ద కిటికీలు. ఉత్తరం వెలుతురు. మాకు అదే కావాలి, రంగు సరిగ్గా తెలుస్తుంది. అక్కడి పెద్దావిడ నా చేతులు పట్టుకుని చూసింది, గుర్రాన్ని కొనేముందు కాళ్లు చూసినట్టు. సోమవారం ఎనిమిదింటికి రమ్మంది. అందరిముందూ పన్ను చెక్కాలి. చేతులు వెచ్చగా పెట్టుకుని రా, మైనానికి చల్లటి వేళ్లు పనికిరావు అంది."

"తొడుగులు కొనుక్కో మరి."

"రేపు ఆదివారం, అన్నీ మూసేస్తారట. పర్లేదు, కోటు జేబులున్నాయిగా. సోమవారం కోటు నాకే కదా?"

"నీకే" అన్నాను.

"ఒట్టు?"

"చిన్నపిల్లవా? నీకే అన్నానుగా."

నవంబర్ 16, ఆదివారం

కిందికి నీళ్లకి వెళ్తే ఇంటావిడ వంటింట్లోంచి పిలిచింది. "మీ అక్క నిన్న అడిగింది. ఇద్దరికి సరిపోయే గది, నెలల లెక్కన. పై అంతస్తులో ఉంది. చూస్తారా?"

ఇద్దరికి.

ఇంకా ఉద్యోగం రాలేదు, అప్పుడే ఇద్దరికి. ఎవరో మరి ఆ రెండోవాళ్లు. ల్యాబులో ఎవరో ఉండి ఉంటారు. బుగ్గలు ఊరికే ఎర్రబడవు. లేదా పొడుగాయన మళ్లీ తగిలి ఉంటాడు. ఆయనకి అక్క నంబరు మారిందని చెప్పాను గానీ, తన ఆచూకీ తెలుసుకోవాలంటే ఎంతసేపు?

"అక్కర్లేదు" అన్నాను ఇంటావిడతో.

గదిలోకి వచ్చేసరికి అక్క బట్టలు చుడుతోంది. నాకన్నా బిగువుగా చుట్టడం వచ్చేసింది. "ఏమే, ముఖం అలా పెట్టావ్?" అంది.

"చలి."

నవంబర్ 17, సోమవారం

తెల్లారేసరికి మంచు పడుతోంది. అక్క స్నానానికి వెళ్లింది. రొట్టె కొందామని బయటికొచ్చాను. ఐదు నిమిషాల పని. బయటికి రావాలంటే కోటు కావాలి, వేసుకున్నాను.

రొట్టెల కొట్టు ముందు చాలామంది ఉన్నారు. ట్రాము వచ్చింది. లోపల వెచ్చగా ఉంటుందని ఎక్కాను. వరస తగ్గాక దిగుదామని.

*

చివరి స్టేషను. ఇక్కడ టీ కొట్టు ఉంది. వెనక్కి వెళ్లే ట్రాము అదిగో, తలుపులు తెరుచుకుని ఉంది. ఒక్క గుటక తాగి వెళ్తాను. ఇంకా టైముంది.

*

వెళ్లిపోయింది. ఇంకోటి వస్తుంది.

*

ఫోన్ మోగుతోంది. అక్క. జేబులో కోటు లోపల సన్నగా, తేనెటీగలా. ఎత్తితే ఏం చెప్పాలి? వస్తున్నానని చెప్పాలి, వచ్చేస్తున్నానుగా. చార్జింగ్ తక్కువుంది, ఆపేస్తే మంచిది.

*

ఇంకో ట్రాము వెళ్లింది. ఎదుటి బల్ల దగ్గర ఒక తల్లి పిల్లకి కోటు బొత్తాలు పెడుతోంది. పిల్ల చేతులు చాచి నిలబడింది, దిష్టిబొమ్మలా. అమ్మ పోయాక నాకు బొత్తాలు అక్కే పెట్టేది. నాకు రాదని కాదు. ఇంటర్ దాకా పెట్టించుకున్నాను. వచ్చని చెబితే మానేస్తుంది కదా.

*

ఎనిమిదైంది.

ఇప్పుడు వెళ్లినా లాభం లేదు కాబట్టి ఇంకో టీ చెప్పాను. చాలా బాగుంది. కోటు చాలా వెచ్చగా ఉంది.

నవంబర్ 17, మళ్లీ. మధ్యాహ్నం తర్వాత

రొట్టె కొనుక్కునే వచ్చాను. గది తలుపు తెరిచే ఉంది. నా సంచి మంచం మీద పొట్ట తీసేసిన చేపలా పడి ఉంది. లోపల ఏమీ లేదు. వెచ్చటి థర్మల్ బనీన్లు లేవు, చొక్కాలు లేవు, ప్యాంట్లు లేవు, మేజోళ్లు లేవు. కుర్చీ మీద తువ్వాలు కూడా లేదు.

దొంగలు అనుకున్నాను. కిందికి పరిగెత్తాను.

ఇంటావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ అక్కా? చూడాల్సింది! ఇంత మనిషి అంతయింది, తలుపులోంచి పక్కకి తిరిగి వెళ్లాల్సొచ్చింది! ప్యాంటు మీద ప్యాంటు, చొక్కా మీద చొక్కా, మెడకి తువ్వాలు, చేతులకి మేజోళ్లు, రెండేసి జతలు. నా కోటు ఇస్తానన్నా. వద్దండీ, మా చెల్లి నాకు పద్ధతి నేర్పింది అంది." నవ్వు ఆపి నా ఒంటిమీది కోటు చూసింది. ఆ తర్వాత నవ్వలేదు.

గదిలో కూర్చుని రొట్టె తిన్నాను. ఏం చెయ్యాలి మరి? ఆకలేసింది.

సాయంత్రం తలుపు తోసుకుని ఒక బట్టలమూట లోపలికొచ్చింది. మూటలోంచి అక్క ముఖం.

"రొట్టె దొరికిందా?" అంది.

"దారి తప్పానక్కా."

"ట్రాము ఒకే పట్టాల మీద పోయి ఆ పట్టాల మీదే వస్తుంది. ఎక్కడ తప్పావే?"

"ఫోన్ కూడా చార్జింగ్..."

"అవునా."

చేతులకున్న మేజోళ్లు లాగింది. తర్వాత ఒక్కో పొరా విప్పడం మొదలుపెట్టింది. నా బూడిదచొక్కా. నా నల్లచొక్కా. తన చొక్కా. నా థర్మల్. ఒక్కోటీ తీసి, చక్కగా చుట్టి, మంచం మీద తన వైపు పేరుస్తోంది. నేను కోటు విప్పలేదు. విప్పాలని తోచలేదు.

"బాగానే నేర్పావే తూకమ్మా. అయిదో పొర దాటాక గాలి లోపలికి రాలేదు."

"పరీక్ష..."

"కాస్త ఆలస్యంగా వెళ్లా. నన్ను చూసి పెద్దావిడ కుర్చీలో పడి నవ్వింది. వేడి గ్లాసు చేతికిచ్చి, వేళ్లు కాగేదాకా మొదలుపెట్టద్దంది. చాకులు వాళ్లవే ఇచ్చారు. కొత్తగా ఉన్నాయి, అయితే గోళ్ల రేకుతో సబ్బు చెక్కిన దానికి ఏ చాకైనా ఒకటే. నువ్వు సగం సబ్బు అరగదీశావు చూడు, ఆ మిగతా సగం మీదే చెయ్యి కుదిరింది నాకు." ఆగింది. "ఇచ్చారు."

"ఏంటి?"

"ఉద్యోగమే. గురువారం నుంచి. కాగితాల పని వాళ్లే చూసుకుంటారట."

సంతోషం అని అనాలి. నోరు తెరిచాను. "చాకుల సంగతి నేను నిజంగా మర్చిపోయానక్కా" అని వచ్చింది.

అక్క చుట్టడం ఆపింది.

"సంచిలో ఏం పెట్టచ్చో ఏం పెట్టకూడదో రెండేళ్లు ఫోన్లో వల్లించావే. నిద్రలో కూడా వల్లించేదానివి. పక్కమంచం మీద పడుకున్నది నేనే కదా. అప్పుడు నాకు గుర్తు రాలేదు, నువ్వు పెట్టుకోమన్నావని పెట్టుకున్నా. ఆ డబ్బాలో పడ్డ చప్పుడు విన్నాక గుర్తొచ్చింది."

"మరి అప్పుడే నన్ను తిట్టాల్సింది!"

"ఇంకెంత దూరం వెళ్తావో చూద్దామనుకున్నా. ఎక్కడో అక్కడ ఆగుతావని. పొడుగాయన సంగతప్పుడూ అలాగే అనుకున్నా."

"ఆయన సంగతేంటి?"

"నా నంబరు మారిందని చెప్పావు. ఆర్నెల్ల తర్వాత బస్‌స్టాపులో కనబడి చెప్పాడు, భార్యని పక్కన పెట్టుకుని."

కిటికీ బయట మంచు ఆగిపోయింది. కింద ఎవరో పారతో గీకుతున్నారు. నా మాట నాకే సన్నగా వినిపించింది. "ఆ రెండోవాళ్లు ఎవరు?"

"ఏ రెండోవాళ్లు?"

"ఇద్దరికి గది అడిగావటగా."

అక్క నా ముఖంలోకి చాలాసేపు చూసింది. మైనం ముద్దని చూసినట్టు చూసింది, ఎక్కడ చెక్కాలా అని కాదు, ఇది పనికొస్తుందా అని.

"నువ్వేనే" అంది. "ఇంకెవరున్నారు నాకు? వాన ఊళ్లో చెప్పబోయా. మేజోళ్లు తియ్యమన్నావు."

కోటు బొత్తాం ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాను.

"ఇందాక కింద ఇంటావిడతో మాట్లాడా. ఒకరికి చాలన్నాను."

"అక్కా!"

"ఎల్లుండి నీ రైలు. నీ టికెట్లన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదా."

"నేను కూడా ఉంటాను. ఏదో పని చూసుకుంటాను. బరువు అవ్వను నీకు."

అప్పుడు నవ్వింది. ఈ నవ్వు నాకు కొత్త. "వద్దులే" అంది. సరేలే అనే మనిషి. అదే గొంతు, అంతే మెత్తగా. "మోశానుగా."

చుట్టిన బట్టలన్నీ తన సంచిలో పెట్టుకుంది. నావి, తనవి.

"అవి నావి కదక్కా."

"ఇక్కడ చలి ఏప్రిల్ దాకా ఉంటుంది. నువ్వు పోయేది ఎండలోకి. ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద అన్నావు. స్నానాల గదిలో తీగమీద నీ పల్చటి గౌను ఉంది, తెచ్చుకో."

"మరి కోటు..."

"ఉంచుకో. అంత ఇష్టపడ్డావు."

నవంబర్ 19, బుధవారం

స్టేషనుకి రాలేదు. పనికి ముందు చాకులు కొనుక్కోవాలట.

నవంబర్ 20, గురువారం. ఎండ ఊరు, రెండోది

బాగానే ఉన్నాను. కిటికీలన్నీ తెరిచాను.

అక్క ఊరికే కోపం మీద అంది. నాలుగు రోజుల్లో తనే ఫోన్ చేస్తుంది. కోటు లేకుండా ఆ చలిలో ఎన్నాళ్లుంటుంది? కోటు కోసమైనా చెయ్యాలి కదా.

కోటు జేబుల్లో ఏమైనా పెట్టిందేమో చూశాను. చిన్న కాగితం ఏదైనా, రెండు మాటలైనా. తన అలవాటు అది, నా కాలేజీ సంచిలో పెట్టేది. కుడి జేబులో రొట్టె పొడి. ఎడమ జేబులో ఏమీ లేదు.

నవంబర్ 21, శుక్రవారం

లోపలి జేబు కూడా ఉంటుంది ఇలాంటి కోట్లకి. జేబు ఉంది. కాగితం లేదు.

నవంబర్ 22, శనివారం. విమానాశ్రయం

కోటు సంచిలో పట్టలేదు. సంచి ఖాళీయే, అయినా ఎలా మడిచినా, చుట్టినా జిప్పు పడదు. బరువైంది వేసుకునే ఎక్కాలి. వేసుకున్నాను. బస్సులో అందరూ పొట్టిచేతుల చొక్కాలతో ఉన్నారు. నా వీపు మీద చెమట కాలవలు కట్టింది. పక్క సీటు పెద్దాయన విసనకర్రలా పేపరు ఊపుకుంటూ "జ్వరమా అమ్మా?" అన్నాడు. "కాదండీ, ఇది మా ఇద్దరిదీ" అన్నాను. ఆయన పక్కనెవరైనా ఉన్నారేమో అని వంగి చూశాడు.

ఫోన్ రాలేదు. చార్జింగ్ నిండుగా ఉంది.

తనిఖీ దగ్గర కోటు విప్పి పళ్లెంలో పెట్టమన్నారు. పెట్టాను. అది యంత్రంలోకి పోయింది. నా వెనకాల వాళ్ల సంచులు వచ్చేశాయి, కోటు రాలేదు. "నా కోటు! నా కోటేది?" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. ఫోన్లో బతిమాలిన ఆ ముసలావిడ గొంతు సరిగ్గా అలాగే వినిపించింది. నీలిచొక్కా అబ్బాయి బెల్టు మీదికి వంగి, ఇరుక్కున్న పళ్లేన్ని ఒక్క తోపు తోశాడు.

"ఇందులో ఏమైనా ముఖ్యమైనది ఉందా మేడమ్?"

"ఏం లేదు" అన్నాను. మూడు జేబులూ వాళ్లముందే ఇంకోసారి చూసి చెప్పాను.

ఇప్పుడు విమానమెక్కే గేటు దగ్గర కూర్చుని ఉన్నాను. చుట్టూ జనం పెద్దపెద్ద సంచులతో ఆపసోపాలు పడుతున్నారు. అలవాటు కొద్దీ నా సంచిని కొక్కేనికి తగిలించి ఎత్తాను. వేలితో ఎత్తితే లేచింది. అంకె నిలబడింది.

"కిలో మూడు వందలు!" అని పైకే చదివాను.

కాసేపు ఆగాను.

మళ్లీ చదివాను, ఈసారి కొంచెం గట్టిగా.